మోయలేనంత భారం మీద పడినప్పుడు దేవుని బలం మీద ఆనుకోవడం ఎలా?

సోదరీ, నాన్నగారు పక్షవాతంతో మంచాన పడ్డారని, ఉద్యోగమూ ఇద్దరు చిన్నపిల్లలూ ఇంటి అప్పూ అన్నీ మీ ఒక్కరి మీదే ఉన్నాయని, "దేవుని బలం మీద ఆనుకో" అని అందరూ అంటున్నారు గానీ అది ఎలాగో ఎవరూ చెప్పడం లేదని రాశారు. మా అత్తగారు ఇదే జబ్బుతో మంచం మీద ఉన్న కాలమంతా, బడిలో పాఠాలు చెప్పుకుంటూనే ఆమెను చూసుకున్నదానిని గనుక నాకు తెలిసినంతవరకు చెబుతాను.

మోయలేనంత భారం దేవుడు ఎవరికీ ఇవ్వడని మీతో అన్నవారు ప్రేమతోనే అని ఉంటారు, కాని బైబిలు వాక్యం ఆ మాట చెప్పడం లేదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 10వ అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు మాట్లాడుతున్నది పాపంలోకి లాగే శోధన గురించి; అరణ్యంలో ఇశ్రాయేలీయులు విగ్రహాల వైపు తిరిగిన సంగతి గుర్తుచేస్తూ, అటువంటి శోధనలో తప్పించుకునే మార్గాన్ని కూడా దేవుడే కలుగజేస్తాడని అక్కడ అన్నాడు. భారం విషయానికి వస్తే, అదే సంఘానికి రాసిన రెండవ పత్రిక మొదట్లోనే, ఆసియలో (అంటే నేటి టర్కీలో ఉన్న అప్పటి రోమా రాష్ట్రంలో) తమకు వచ్చిన శ్రమ తమ శక్తికి మించిపోయిందనీ, బ్రతుకుతామన్న ఆశ కూడా వదులుకున్నామనీ, తమను తాము నమ్ముకోకుండా మృతులను లేపే దేవుణ్ణే నమ్ముకోవడానికి అలా జరిగిందనీ దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. కాబట్టి "నా వల్ల కావడం లేదు" అని మీకు అనిపించడం అవిశ్వాసం కాదు.

ఇశ్రాయేలీయులను అరణ్యంలో నడిపించిన మోషే కూడా ఆ మాటే అన్నాడు. సంఖ్యాకాండము 11వ అధ్యాయం ఒకసారి నిదానంగా చదవండి. ఈ జనమంతటినీ నేనొక్కడినే మోయలేను, ఇలాగే జరిగేటట్లయితే నన్ను చంపివేయమని ఆయన ప్రార్థించాడు. దేవుడు ఆయనను గద్దించలేదు, ఆయన భుజాలకు కొత్త సత్తువనూ ఇవ్వలేదు. పెద్దలలో 70 మందిని పోగుచేయమని చెప్పి, మోషే మీద ఉన్న ఆత్మలో భాగం వారికిచ్చి, ఇకమీదట నువ్వు ఒంటరిగా మోయకుండా వీరు నీతో కలిసి మోస్తారని అన్నాడు. నాకు ఈ విషయంలో అన్నిటికంటే పెద్ద పాఠం ఇదే. దేవుని బలమంటే నా ఒంట్లోకి వచ్చే సత్తువ అనే మనం అనుకుంటాం, ఆయన మాత్రం చాలాసార్లు దాన్ని మరొకరి చేతుల్లో పెట్టి పంపుతాడు.

మంచాన ఉన్న మనిషిని రెండు గంటలకొకసారి ఒక పక్క నుంచి మరో పక్కకు తిప్పాలని, లేకపోతే నడుము కింద పుండ్లు పడతాయని మీకూ డాక్టరుగారు చెప్పే ఉంటారు. రాత్రి అలారం మోగినప్పుడు వచ్చే నెల గురించి గానీ రేపటి గురించి గానీ కాకుండా, ఈ ఒక్కసారి మా అత్తగారిని తిప్పడానికి చాలినంత బలం ఇమ్మని దేవుణ్ణి అడిగేదాన్ని. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు ఆహారంగా ఇచ్చిన మన్నా కూడా ఏ రోజుది ఆ రోజే కురిసింది, మర్నాటికని దాచుకున్నది పురుగు పట్టింది. బలం వచ్చినట్టు ఒంటికి ఏమీ తెలిసేది కాదు, నడుము నొప్పి అలాగే ఉండేది, అయినా పని జరిగేది. తరువాత మా సంఘంలోని స్త్రీల సమాజం వారు వంతులు వేసుకుని రావడం మొదలుపెట్టారు. మనిషి కింద అడ్డంగా మడత దుప్పటి పరచి, చెరో అంచు పట్టుకుని ఇద్దరం ఒక్కసారి లాగితే ఎంత తేలికగా తిరుగుతారో, వీపు వెనక ఒక దిండు, మోకాళ్ళ మధ్య ఒక దిండు ఎలా పెట్టాలో వారిలో ఒక పెద్దావిడే చూపించారు. ఆవిడ పని చేస్తూ కీర్తన ఎత్తుకునేవారు. మాట పడిపోయిన మా అత్తగారు ఆ కీర్తన పల్లవిని మాత్రం తప్పకుండా అందుకునేవారు.

మన ప్రాంతంలోనే దీనికి ఒక సాక్ష్యం ఉంది. 1876-78 నాటి ధాత కరువులో ఆకలితో ఉన్నవారికి పని దొరకాలని ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకున్నారు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజు నీటిలోకి దిగింది ఆయన కాదు. మన తెలుగు బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున దిగి, అలసినప్పుడు ఒడ్డుకు వచ్చి తక్కినవారికి చోటిచ్చారు. దేవుని పనిలోనే వంతులు తప్పనప్పుడు, ఇంటి పనిలో ఒంటరిగా నిలబడి తీరాలని మిమ్మల్ని ఎవరు అడిగారు?

మరొక్క సంగతి. నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, చచ్చిపోతే బాగుండునన్న ఆలోచనలు రావడం వంటివి ఉంటే ప్రార్థనతో పాటు వెంటనే డాక్టరు దగ్గరకు కూడా వెళ్ళండి. తన ప్రాణం తీసుకోమని ఏలీయా ప్రవక్త దేవుణ్ణి అడిగినప్పుడు దూత ఆయనకు ఉపదేశం చేయలేదు. నిద్రపోనిచ్చి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు ముందుపెట్టి, తినిన తరువాత మళ్ళీ నిద్రపోనిచ్చి, ప్రయాణం నీ శక్తికి మించినదని చెప్పి రెండోసారి కూడా తినమన్నాడు.

అప్పు సంగతి బ్యాంకు వారితో గడువు గురించి మాట్లాడితే ఎంతో కొంత తేలుతుంది, అది తరువాత చూసుకోవచ్చు. ముందు ఈ ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారితో, మా కోసం ప్రార్థించండి అని మాత్రమే చెప్పి వచ్చేయకండి. బుధవారం సాయంత్రం రెండు గంటలు నాన్నగారి దగ్గర కూర్చునే మనిషి కావాలని స్పష్టంగా అడగండి. హైదరాబాదులో ఉన్న మీ తమ్ముడికి కూడా "నువ్వూ చూసుకో" అని కాకుండా, నెలలో ఫలానా శని, ఆదివారాలు నాన్నగారి బాధ్యత నీదేనని, మందుల చీటీతో సహా అప్పగించండి.