సీటు అడుగు సరిచేయకుండా నడుం వెనక కుషన్ పెడితే లాభం లేదు

డాక్టర్ సలహా

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. మాది శ్రీకాకుళం. మందుల హోల్‌సేల్ వ్యాపారం. వారంలో నాలుగైదు రోజులు కారులో నరసన్నపేట, టెక్కలి, పలాస, ఒక్కోసారి ఇచ్ఛాపురం దాకా వెళ్లి షాపులకు సరుకు దించి వస్తాను. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న చిన్న కారు. ఏడాదిగా నడుం నొప్పి. గంట నడిపితే మొదలవుతుంది. దిగాక కాసేపటి వరకు నడుం నిటారుగా రాదు. కుడివైపు పిర్రలో కూడా లాగుతుంది, కాలిలోకి మాత్రం దిగదు. పూసల కవరు వేశాను, నడుం వెనక పెట్టుకునే కుషన్ కొన్నాను, తేడా లేదు. మరీ ఎక్కువైన రోజు నొప్పి మాత్ర వేసుకుంటున్నాను. కారు మార్చాలా? బెల్టు పెట్టుకోవాలా? ఎమ్మారై తీయించుకోమని స్నేహితులు అంటున్నారు. మా అమ్మగారిని (68) నెలనెలా విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్తాను. వెనక సీట్లో ఆవిడా నడుం అంటున్నారు.
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

సలహా: కారు మార్చక్కర్లేదు. ఎమ్మారై ఇప్పుడే వద్దు. బెల్టు సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ కుషన్ ఎందుకు పనిచేయలేదో చూద్దాం, మీ నొప్పి గుట్టంతా అక్కడే ఉంది.

నిలబడినప్పుడు మన నడుం దగ్గర వెన్ను కొద్దిగా లోపలికి వంగి ఉంటుంది. కూర్చోగానే కటి ఎముక వెనక్కి తిరిగి ఆ వంపు చదునవుతుంది, వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కుల మీద ఒత్తిడి పెరుగుతుంది. స్వీడన్ ఎముకల వైద్యుడు నాచెమ్‌సన్ 1960లలోనే డిస్కులోకి సూది దించి ఈ ఒత్తిడిని కొలిచారు. ఆనుకోకుండా కూర్చుంటే నిలబడినప్పటి కన్నా ఎక్కువ, ముందుకు వంగి కూర్చుంటే ఇంకా ఎక్కువ అని తేలింది. సీటు వీపు భాగాన్ని కాస్త వాల్చి, నడుం దగ్గర ఆసరా ఇస్తే తగ్గుతుందని ఆ తర్వాతి కొలతల్లో చూశారు. కారులో దీనికి తోడు అదురు. సెకనుకు నాలుగు నుంచి ఆరుసార్లు ఊగే కంపనానికి మన వెన్ను ఎక్కువగా స్పందిస్తుంది. కారులో వెళ్లేటప్పుడు సీటులోంచి వచ్చే అదురులో కొంత ఆ చుట్టుపక్కలే ఉంటుంది. పని వేళల్లో సగానికి పైగా డ్రైవింగ్‌లో గడిపే మగవాళ్లకు డిస్కు జారే అవకాశం మిగతావారి కన్నా సుమారు మూడు రెట్లు ఎక్కువని 1975లోనే అమెరికాలో కెల్సీ, హార్డీ అనే పరిశోధకులు రాశారు. భయపెట్టడానికి కాదు, మీ నొప్పికి కారణం ఎక్కడో వెతకక్కర్లేదని చెప్పడానికి.

పాత కార్లలో ముందు పాడయ్యేది సీటు అడుగు. ఫోమ్ నలిగిపోయి మధ్యలో గుంట పడుతుంది, వదులైన నులక మంచంలా. అందులో కూర్చుంటే పిర్రలు కిందకి, మోకాళ్లు పైకి. కటి దానంతటదే వెనక్కి తిరుగుతుంది. ఇప్పుడు వెనక ఎంత ఖరీదైన కుషన్ పెట్టినా అది నడుం వంపును నిలబెట్టలేదు, మిమ్మల్ని ముందుకు తోస్తుంది అంతే. మీరు ఇంకా జారి కూర్చుంటారు. అందుకే పని కింద నుంచి మొదలుపెట్టాలి.

మీ సీటు ఎంత పాడైందో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. కారును చదునైన చోట ఆపండి. సీటు మీద పిడికిలి పెట్టి గట్టిగా నొక్కండి. కింద ఇనుప ఫ్రేమో స్ప్రింగో చేతికి తగిలితే ఫోమ్ పని అయిపోయినట్టే. తర్వాత కొత్త బండి పూజలో టైరు కింద పెట్టేలాంటి నిమ్మకాయ ఒకటి తీసుకుని సీటు మధ్యలో వదలండి. వెనక్కి దొర్లితే ఫర్వాలేదు, సీటు వాలు అలాగే ఉంటుంది. కుడి తలుపు వైపు దొర్లితే ఆ పక్క ఎక్కువ కుంగిందన్నమాట. డ్రైవరు ఎక్కేదీ దిగేదీ అటే కాబట్టి మన కార్లలో సాధారణంగా అదే ముందు నలుగుతుంది. అప్పుడు కటి ఒక పక్కకి ఒరిగి, రోజంతా వెన్ను వంకరగా ఉంటుంది. మీ కుడి పిర్రలో లాగుడుకు ఇదొక కారణం కావచ్చు.

రెండో కారణం బహుశా మీ ప్యాంటు వెనక జేబులో ఉంది. వసూళ్లకు తిరిగే వాళ్ల పర్సు లావుగానే ఉంటుంది. గంటల తరబడి దాని మీద కూర్చుంటే పిర్ర కండరమూ, దాని కింద నుంచి వెళ్లే సయాటిక్ నరమూ నలుగుతాయి. కారెక్కే ముందు పర్సు, ఫోను, తాళాలగుత్తి అన్నీ తీసి డ్యాష్‌బోర్డు అరలో పెట్టండి. పైసా ఖర్చు లేని వైద్యం ఇది.

సీటు మరమ్మతుకు కంపెనీ షోరూం అక్కర్లేదు. సీటు కవర్లు కుట్టే షాపులో కవరు విప్పించి, నలిగిన ఫోమ్ తీయించి, 40 డెన్సిటీ గట్టి ఫోమ్ వేయించండి. వెనక వైపు కాస్త మందంగా, ముందుకు వచ్చేకొద్దీ పల్చగా ఉండేలా చెక్కమనండి. కూర్చుంటే తుంటి మోకాళ్లకు సమానంగా గానీ, ఒక పిసరు ఎత్తులో గానీ ఉండాలి. మెత్తగా ఉంటేనే సుఖమనుకుని రెండు మూడు దిండ్లు పేర్చకండి. మెత్తటి దిండు మీద కూర్చున్న మనిషి బండి ఢీకొన్నప్పుడు సీటు బెల్టు కింద నుంచి ముందుకు జారిపోయే ప్రమాదం ఉంది. సీటు పక్కన 'ఎయిర్‌బ్యాగ్' అని రాసిన ట్యాగు ఉంటే, ఆ కుట్టు మీదుగా కవరు వేయవద్దని షాపులో ముందే చెప్పండి.

కవరు విషయంలో నాకు రెక్సిన్ నచ్చదు. తుడవడానికి వీలుగా ఉంటుంది నిజమే, కానీ మన ఎండలకు చెమట పట్టి మనిషి ముందుకు జారుతూనే ఉంటాడు. బట్ట కవరు మేలు. పూసల కవరు గాలి ఆడటానికి బాగుంటుంది, నడుముకు ఆసరా మాత్రం ఇవ్వదు.

అడుగు చదునయ్యాక సీటును సర్దుకోండి. పిర్రలు సీటు వీపు భాగానికి తగిలేదాకా జరిగి కూర్చోండి. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు కూడా మోకాలు కొద్దిగా వంగి ఉండాలి, కాలు బిగుసుకుపోయేంత దూరం వద్దు. మోకాలి వెనక, సీటు అంచుకు మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. సీటు వీపు భాగాన్ని నిటారు కన్నా కొంచెం వాల్చండి, 100 నుంచి 110 డిగ్రీలు చాలు. ఈజీ చెయిర్‌లా వాలిస్తే మెడ ముందుకు సాచాల్సి వస్తుంది, నొప్పి నడుం నుంచి మెడకు మారుతుంది. భుజాలు సీటుకు ఆనించి చేయి చాస్తే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి. ఛాతీకీ స్టీరింగ్‌కీ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉంచండి. చిన్న కార్లు కొన్నింటిలో పెడళ్లు కాస్త ఎడమకు జరిగి ఉంటాయి, తెలియకుండానే నడుం మెలితిరుగుతుంది. దాన్ని మార్చలేం. హైవే మీద క్లచ్ అవసరం లేనప్పుడు ఎడమ పాదాన్ని పెడల్ మీద వేలాడదీయకుండా పక్కన నేల మీద ఆనించండి.

ఇప్పుడు నడుం ఆసరా. మీరు కొన్న కుషన్ చాలా లావుగా ఉండి ఉంటుంది, బజారులో దొరికేవి ఎక్కువగా అంతే. టర్కీ తువ్వాలు ఒకటి గట్టిగా చుట్టి రెండు చివరలా రబ్బరు బ్యాండు వేయండి. మీరు ఆనుకున్నాక అది నలిగి నాలుగైదు సెంటీమీటర్ల మందం మిగలాలి. ప్యాంటు బెల్టుకు కాస్త పైన, నడుం లోపలికి వంగిన చోట రావాలి. వీపు మధ్యలోకి పోతే మేలు కన్నా కీడే ఎక్కువ. జారకుండా నాడాతో సీటుకు కట్టేయండి. ఊడి పెడల్ కిందకి దొర్లితే నడుం నొప్పితో పోయే వ్యవహారం కాదు. మంచినీళ్ల సీసాకీ ఇదే మాట. మొదటి రెండు రోజులు తువ్వాలు ఇబ్బందిగా అనిపిస్తే కొంచెం పల్చగా చుట్టండి.

టైర్లలో గాలి కూడా చూడండి. ఎక్కువ మైలేజీ వస్తుందని కొందరు కంపెనీ చెప్పిన దానికంటే ఎక్కువ కొట్టిస్తారు, ఆ దెబ్బంతా నడుముకే. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు పక్క స్టిక్కరు మీద ఉంటుంది. షాక్ అబ్జార్బర్లు ఎప్పుడు మార్చారో మెకానిక్‌ను అడగండి. జాతీయ రహదారి మీద తెలియదు గానీ, దాని మీంచి దిగి లోపలి ఊళ్ల రోడ్డెక్కితే తేడా తెలుస్తుంది.

ఇదంతా చేసినా గంటకు మించి ఏకబిగిన కూర్చోవద్దు. ఎంత మంచి సీటైనా కదలకుండా కూర్చున్న వెన్నుకు మంచిది కాదు. దిగి రెండు మూడు నిమిషాలు నడవండి. చేతులు నడుం మీద పెట్టి, మోకాళ్లు వంచకుండా మెల్లగా వెనక్కి వంగి లేవండి, ఐదారుసార్లు చాలు. దిగేటప్పుడు ఒక కాలు బయట పెట్టి నడుం తిప్పడం కాదు, రెండు కాళ్లూ కలిపి బయటకు తిప్పి లేవండి.

మీలాంటి వాళ్లకు అసలు ప్రమాదం దిగిన మరుక్షణం ఉంటుంది. గంటసేపు వంగి కూర్చుంటే వెన్ను వెనక ఎముకలను కలిపి ఉంచే పట్టీలు (లిగమెంట్లు) సాగి వదులవుతాయి, వెంటనే బిగుసుకోవు. అప్పుడే డిక్కీ తెరిచి, ముందుకు వంగి, సెలైన్ పెట్టె లాగుతారు. అర లీటరు సీసాలు 24 ఉన్న పెట్టె 12 కిలోలు దాటుతుంది. 'నడుం ఇరిగిపోతంది బాబూ' అంటూ ఓపీకి వచ్చే డ్రైవర్లను ఎప్పుడు పట్టేసిందని అడిగితే, నడుపుతున్నప్పుడు అని చెప్పేవాళ్లు తక్కువ. సరుకు దించుతుంటే అంటారు. షాపు దగ్గర ఆగగానే ముందు బిల్లు రాయండి, టీ తాగండి, నాలుగడుగులు వేయండి. ఆ తర్వాతే పెట్టె. బరువైనవి డిక్కీ అంచు దగ్గరే సర్దుకుంటే లోపలికి వంగక్కర్లేదు.

మాత్రల సంగతి కొంచెం గట్టిగానే చెప్పాలి. మందులు చేతిలోనే ఉంటాయి కాబట్టి మీకు అడ్డు చెప్పేవారు ఉండరు. మీరు పేరు రాయలేదు గానీ, నడుం నొప్పికి జనం వేసుకునేవి ఎక్కువగా డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ రకాలే. ఇవి కిడ్నీకి రక్త సరఫరా తగ్గిస్తాయి. దారిలో మూత్రానికి ఆగాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేసే డ్రైవర్లకు, అదీ ఎండాకాలంలో, ఈ దెబ్బ రెండింతలు. మీరు తిరిగేది పలాస, సోంపేట, కంచిలి, కవిటి ఉన్న ఉద్దానం దారిలో. అక్కడ ఎంతోమందికి వస్తున్న కిడ్నీ జబ్బుకు ఫలానాదే కారణమని ఇంతవరకు ఎవరూ తేల్చలేదు, నొప్పి మాత్రలే కారణమని నేనూ అనను. కానీ ఆ ప్రాంతంలో పెరిగినవారు, బీపీ, షుగర్ ఉన్నవారు ఈ మాత్రలను సొంతంగా వేసుకోకూడదు. ఒకసారి బీపీ చూపించుకుని, రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు చేయించుకోండి. తప్పనిసరైతే పారాసెటమాల్, అదీ మోతాదు దాటకుండా. వేడినీళ్ల కాపడం మీకు మాత్ర కన్నా బాగా పనిచేయవచ్చు.

నడుం బెల్టును నొప్పి బాగా ఉన్న రెండు మూడు రోజులు పెట్టుకుంటే తప్పులేదు. నెలల తరబడి దాని మీదే ఆధారపడితే చేయాల్సిన పని కండరాలు మానేస్తాయి. రోజూ అరగంట నడక, వెల్లకిలా పడుకుని మోకాళ్లు వంచి నడుం పైకెత్తే వ్యాయామం దానికన్నా నయం.

ఇక ఎమ్మారై. ఏ నొప్పీ లేని నలభై ఏళ్లవాళ్లకు తీసినా దాదాపు సగం మందిలో డిస్కు ఉబ్బినట్టు కనిపిస్తుంది. ఆ రిపోర్టు చూసుకుని లేని భయం పెట్టుకోవడమే అవుతుంది. అయితే ఏడాదిగా ఉన్న నొప్పి కాబట్టి ఒకసారి ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించుకోండి, శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రి ఓపీ అయినా చాలు. కాళ్ల బలం, స్పర్శ చేత్తో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. పొద్దున లేవగానే అరగంటకు మించి నడుం బిగుసుకుని, తిరిగేకొద్దీ వదులవుతుంటే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పండి, అది వేరే జబ్బు కావచ్చు. నొప్పి మోకాలి కిందకి దిగినా, పాదం తిమ్మిరెక్కినా, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్ర లేపే నొప్పి ఉన్నా ఆలస్యం వద్దు. వెన్ను టీబీ మన దగ్గర అరుదేమీ కాదు. మూత్రం, మల విసర్జన మీద పట్టు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, పాదం లేవకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

అమ్మగారిని వెనక సీట్లో కాకుండా ముందు కూర్చోబెట్టండి. చిన్న కార్ల వెనక సీటు పల్లంగా ఉండి మోకాళ్లు పైకి వస్తాయి. పైగా స్పీడ్ బ్రేకరు మీద ఎగిరిపడేది ఎక్కువగా వెనక కూర్చున్నవాళ్లే. ఆ వయసు ఆడవాళ్లలో ఎముకలు గుల్లబారి ఉంటే అలాంటి ఒక్క కుదుపుకే వెన్నుపూస నలిగిపోవచ్చు. ఆవిడకూ నడుం వెనక పల్చటి తువ్వాలు, సీటు బెల్టు ఉండాలి. బెల్టు కింది పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద ఉండాలి. తగరపువలస దగ్గరో ఆనందపురం దగ్గరో ఒకసారి దింపి నడిపించండి. కుదుపు తర్వాత వీపు మధ్యలో ఒకచోట పొడిచినట్టు నొప్పి మొదలై, లేస్తే కూర్చుంటే ఎక్కువవుతుంటే, మీకు ఎమ్మారై వద్దన్నాను గానీ, ఆవిడకు ఎక్స్‌రే ఆ రోజే తీయించండి.