యాప్‌లో కనిపించే బ్యాలెన్స్‌ని మీ లెక్కలో వేసుకోకండి

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. కరీంనగర్‌లో మెడికల్ రిప్రజెంటేటివ్‌గా పనిచేస్తున్నాను. చేతికి నెలకు 32 వేలు వస్తుంది. టెలిగ్రామ్ గ్రూపులో వచ్చిన లింకు నుంచి ఒక స్లాట్ గేమ్ యాప్ వేసుకున్నాను. మొదట 500 పెడితే 1,500 నా బ్యాంకు ఖాతాలో పడ్డాయి. దాంతో నమ్మకం కుదిరి విడతలవారీగా మొత్తం 18,500 పెట్టాను. ఇప్పుడు యాప్‌లో 46,200 బ్యాలెన్స్ చూపిస్తోంది. విత్‌డ్రా చేయాలంటే ముందు 30 శాతం ట్యాక్స్, అంటే 13,860 కట్టమంటున్నారు. కట్టాలా? ఇలాంటి గేములు ఫోన్‌లో సేఫ్‌గా ఇన్‌స్టాల్ చేసుకునే పద్ధతి ఏమిటి? నెలకు 3,000 వినోదం కింద పక్కన పెట్టుకుని ఆడితే తప్పా? క్రెడిట్ కార్డు మీద 42 వేల బాకీ ఉంది, మినిమమ్ డ్యూ కడుతున్నాను. ఇంట్లో ఈ సంగతి తెలియదు.

జవాబు: ఆ 13,860 కట్టకండి. తగ్గిస్తామన్నా, సగం ఇప్పుడు సగం తర్వాత అన్నా కట్టకండి.

ఆన్‌లైన్ గేముల గెలుపు మీద 30 శాతం పన్ను అన్న మాట మన చట్టంలో ఉన్నదే. మోసగాళ్లు దాన్ని వాడుకోవడానికి కారణం కూడా అదే, వినగానే నిజమనిపిస్తుంది. కానీ 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన టీడీఎస్ (చెల్లించే ముందే పన్ను కోత) నిబంధన ప్రకారం ఆ పన్నును ఆడించే కంపెనీయే మీకివ్వాల్సిన సొమ్ములోంచి కోసుకోవాలి. మీ పాన్ మీద జమ చేస్తే అది ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పన్ను స్టేట్‌మెంట్‌లో కనిపిస్తుంది. ముందు మీరు జేబులోంచి కట్టడం, అదీ ఎవరో వ్యక్తి యూపీఐ ఐడీకి పంపడం ఎక్కడా లేదు. పైగా వాళ్లు లెక్క కూడా తప్పు వేశారు. పన్ను నికర గెలుపు మీద. విత్‌డ్రా చేసేదీ, ఇదివరకు తీసుకున్నదీ కలిపి అందులోంచి మీరు పెట్టింది తీసేస్తే 29,200 మిగులుతుంది. దానిమీద 30 శాతం 8,760. బ్యాలెన్స్ మొత్తం మీద పన్ను వేసినవాళ్లకు ఆ చట్టం తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఇది కడితే తర్వాత ‘వెరిఫికేషన్ ఫీజు’ వస్తుంది, అదీ కడితే ఇంకోటి.

46,200 అన్నది స్క్రీన్ మీద అంకె మాత్రమే. సర్వర్ దగ్గర కూర్చున్నవాడు దాన్ని నాలుగు లక్షలని కూడా చూపించగలడు. మీ పుస్తకంలో రాసుకోవాల్సింది రెండే అంకెలు: పోయింది 18,500, వచ్చింది 1,500. నష్టం 17,000.

ఆ 1,500 సంగతే నన్ను ఎక్కువ కంగారు పెడుతోంది. అది ఏ పేరు మీదనుంచి వచ్చిందో స్టేట్‌మెంట్‌లో ఒకసారి చూడండి. ఇలాంటి చోట్ల సాధారణంగా కంపెనీ పేరుండదు. ఏదో కిరాణా షాపు పేరో, ఎక్కడో వేరే రాష్ట్రంలోని వ్యక్తి పేరో ఉంటుంది. వీటిని మ్యూల్ ఖాతాలంటారు. ఒకడిని మోసం చేసి లాగిన డబ్బును ఇంకొకడికి ‘గెలుపు’గా పంపిస్తారు. ఆ మొదటివాడు ఫిర్యాదు చేస్తే, డబ్బు వెళ్లిన దారి వెంట ఉన్న ఖాతాలను పోలీసుల సూచన మీద బ్యాంకు ఆపేయవచ్చు. మీది జీతం పడే ఖాతా అయితే 1,500 కోసం నెల జీతం చిక్కుకుంటుంది. అందుకే మీరే ముందుగా బ్యాంకుకు వెళ్లి రాతపూర్వకంగా చెప్పి, ఆ కాగితం కాపీ మీద స్టాంపు వేయించుకోండి. ఎవరైనా ఫోన్ చేసి ‘ఆ డబ్బు తిరిగి ఈ నంబరుకు పంపండి’ అంటే పంపకండి.

ఇక సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా చేయొచ్చు. ఆడినందుకు నా మీదే కేసు పెడతారా అన్న భయం మీకుండి ఉంటుంది. ఉన్నదున్నట్టు చెబుతాను. 2025 ఆగస్టులో పార్లమెంట్ ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలన్నింటినీ నిషేధించింది. ఆడించేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి వరకు జరిమానా పెట్టింది. ప్రకటనలిచ్చేవాళ్లకూ శిక్ష ఉంది. ఆడినవాడికి మాత్రం ఆ చట్టంలో శిక్ష లేదు. తెలంగాణలో 2017 సవరణ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి రాష్ట్ర చట్టాలు వేరుగా ఉన్నాయి, వాటి కింద పందెం కట్టి ఆడటం కూడా నేరమే. టెన్షన్‌గా ఉంటే ఒక లాయరుతో అరగంట మాట్లాడండి, కానీ ఆ వంకతో ఫిర్యాదును వారం వాయిదా వేయకండి. డబ్బు వాళ్ల ఖాతాల్లోంచి కదిలిపోయాక ఆపడం కష్టం.

సేఫ్‌గా ఇన్‌స్టాల్ చేయడం గురించి అడిగారు. డబ్బుతో ఆడే స్లాట్ యాప్‌కి మన దేశంలో సేఫ్ పద్ధతి లేదు. ప్లే స్టోర్‌లో దొరకదు కాబట్టే మీకు ఏపీకే ఫైలు (స్టోర్‌తో పని లేకుండా నేరుగా యాప్ వేసుకునే ఫైలు) పంపారు. దాన్ని వేసుకునేటప్పుడు ఎస్ఎంఎస్, నోటిఫికేషన్లు, యాక్సెసిబిలిటీ అనుమతులు అడిగిందా? మీరు గబగబా ‘అలౌ’ నొక్కుకుంటూ పోయారా? ఎస్ఎంఎస్ చదవగలిగితే ఓటీపీ వాళ్ల చేతికి వెళ్తుంది. యాక్సెసిబిలిటీ ఇస్తే మీ స్క్రీన్ మీద ఉన్నది చూడగలదు, మీ బదులు నొక్కగలదు కూడా. అదే ఫోన్‌లో మీ బ్యాంకు యాప్ ఉంది.

కాబట్టి ముందు చాట్లు, లావాదేవీలు, యాప్ స్క్రీన్ అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి వేరే ఫోన్‌కు పంపుకోండి, ఫిర్యాదుకు కావాలి. తర్వాత నెట్ ఆపి, సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి యాక్సెసిబిలిటీ తీసేసి, డివైస్ అడ్మిన్ జాబితాలో ఉంటే అక్కడా తీసేసి, అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ముందు ఇవి తీయకపోతే కొన్ని యాప్‌లు వదలవు. బ్యాంకు పాస్‌వర్డ్, జీమెయిల్ పాస్‌వర్డ్ ఇంకో ఫోన్ నుంచి మార్చండి. అనుమానం తీరకపోతే ఫోటోలు దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే మేలు. ఆ తర్వాతే యూపీఐ పిన్ మార్చుకోండి.

ఉత్త కాయిన్లతో ఆడే స్లాట్ గేములు ప్లే స్టోర్‌లో ఉంటాయి, గెలిచినా నగదు రాదు. వాటికి నేను అడ్డు చెప్పను, కానీ కాయిన్లు కొనమని అడుగుతూనే ఉంటాయి. కార్డు సేవ్ చేసి ఉంచకండి, ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోండి. ప్లే స్టోర్‌లో నెలవారీ బడ్జెట్ పెట్టుకునే వీలుంది కదా అనుకోవచ్చు. అది దాటుతుంటే చెబుతుందే తప్ప ఆపదు. మీరున్న స్థితిలో కొన్నాళ్లు అవి కూడా లేకపోతేనే మంచిది.

నెలకు 3,000 వినోదం అన్నారు. లైసెన్సు ఉన్న దేశంలో, తనిఖీ చేసిన నిజాయితీ గల మెషీనే అనుకుందాం. పెట్టిన నూటికి సగటున 96 తిరిగిస్తుంది అనుకుంటే నష్టం నాలుగు రూపాయలేగా అనిపిస్తుంది. కానీ ఆ నాలుగు పోయేది ప్రతి స్పిన్‌కి. 10 రూపాయల స్పిన్, ఐదు సెకన్లకొకటి చొప్పున గంటకు 720 స్పిన్లు. అంటే 7,200 రూపాయల పందెం, సగటు నష్టం గంటకు 288. మీ 3,000 పది గంటల్లో ఆవిరి. సినిమాకు వెళ్తే ఖర్చు ఇంత అని ముందే తెలుస్తుంది, ఇక్కడ పది రూపాయలు పెట్టి ఆరు రూపాయలు వచ్చినా లైట్లు, మోత పెట్టి గెలిచినట్టే చూపిస్తారు. ఇక మీ యాప్‌లో నూటికి 96 ఇస్తారో, ఆరు ఇస్తారో అడిగే నాథుడు లేడు.

ఆ 3,000కి నా దగ్గర వేరే పని ఉంది. మీ కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుంటే 42 వేల మీద 1,470, దానిపై జీఎస్టీతో దాదాపు 1,735. ఐదు శాతం మినిమమ్ డ్యూ అంటే 2,100 కడుతున్నారు, అసలు తగ్గేది 365 మాత్రమే. దీనికి ఆ 3,000 కలిపి నెలకు 5,100 కట్టి, కార్డు వాడకం పూర్తిగా ఆపితే పది పదకొండు నెలల్లో బాకీ తీరుతుంది. అంతకంటే ముందు బ్యాంకును అడిగి బాకీని తక్కువ వడ్డీకి ఈఎంఐగా మార్చుకోగలరేమో చూడండి. పోయిన 17 వేలు రాబట్టాలని లోన్ యాప్‌లో అప్పు తీసుకునే ఆలోచన మాత్రం రానీయకండి.

ఇంట్లో ఈ వారమే చెప్పండి. బ్యాంకు నుంచో, స్టేషన్ నుంచో ఫోన్ వస్తే ఎలాగూ తెలుస్తుంది, మీ నోటితో తెలిస్తే కనీసం ఈఎంఐ విషయంలో ఇంట్లోవాళ్లతో కలిసి కూర్చోవచ్చు. ఆడకుండా ఉండలేకపోతున్నాననిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు. బ్యాంకు నుంచి ఈఎంఐ ఆఫర్ వచ్చాక వడ్డీ రేటు, ప్రాసెసింగ్ ఫీజు రెండూ రాసి నాకు పంపండి, ఒప్పుకోవచ్చో లేదో లెక్క వేసి చెబుతాను.