నాన్నకి పొట్ట డయాలసిస్ మంచిదా, మెషిన్ డయాలసిస్ మంచిదా?

మీ నాన్నగారికి క్రియాటినిన్ (కిడ్నీలు ఎంత దెబ్బతిన్నాయో తెలిపే రక్తపరీక్ష అంకె) 7 దాటిందని, ఇంట్లో చేసుకునే పొట్ట డయాలసిస్, అంటే పీడీ (పెరిటోనియల్ డయాలసిస్) కావాలో ఆసుపత్రి మెషిన్ కావాలో మీరే తేల్చుకోమన్నారని రాశారు. మీది కవిటి వైపు పల్లె, సెంటరుకి వెళ్లిరావడానికే పూట పడుతుంది. పైగా పీడీ అంటే ఇన్ఫెక్షన్ ఖాయమని చుట్టాలు భయపెడుతున్నారు. నేను డాక్టర్ని కాదు. మా అమ్మకి షుగర్ వల్ల కిడ్నీలు పోతే కొన్నేళ్లు ఇంట్లోనే పీడీ చేశాం, ఎక్కువగా మా తమ్ముడి భార్య చేసేది. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఒళ్లు దాచుకోకుండా, శుభ్రంగా చేసే మనిషి ఇంట్లో ఒకరుంటే, వారానికి మూడుసార్లు ఆ ప్రయాణం కన్నా మీకు పీడీయే మేలు.

ఏది చేయించుకుంటే ఎక్కువ కాలం బతుకుతారు అన్న ప్రశ్నకి పరిశోధనల్లో తిరుగులేని జవాబు లేదు. నెదర్లాండ్స్‌లో చీటీ వేసినట్టు కొందరిని పీడీకి, కొందరిని మెషిన్‌కి కేటాయించి పోల్చి చూద్దామనుకున్నారు. అర్హులు 773 మంది ఉంటే ఒప్పుకున్నది 38 మందే, మిగతావాళ్లు ఏది కావాలో మేమే చూసుకుంటాం అన్నారు. అందుకని అధ్యయనం మధ్యలోనే ఆగిపోయింది. పేషెంట్ల రికార్డులు చూసి చేసిన పెద్ద అధ్యయనాల్లో మొత్తం మీద రెండూ దాదాపు సమానంగానే తేలాయి. హాంకాంగ్‌లో 1985 నుంచీ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ముందు పీడీయే పెడుతున్నారు. కాబట్టి ఇదేదో తక్కువ రకం వైద్యమన్న అనుమానం పెట్టుకోకండి.

7 అనే అంకె చూసి రేపే మొదలుపెట్టాలని టెన్షన్ పడకండి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 828 మందితో చేసిన ఐడియల్ అనే ట్రయల్ ఫలితాలు 2010లో వచ్చాయి. డయాలసిస్ తొందరగా మొదలుపెట్టినవాళ్లకీ, ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లకీ ఆయుష్షులో తేడా కనిపించలేదు. అయితే ఆగుదామనుకున్నవాళ్లలో చాలామందికి ఆయాసం, వాంతుల్లాంటివి వచ్చి అనుకున్నదానికన్నా ముందే మొదలుపెట్టాల్సి వచ్చింది. అంటే అంకె ఒక్కటే చూస్తే చాలదు, మనిషిని కూడా చూడాలి. ఆయాసం, ఒళ్లంతా నీరు, ఆగని వాంతులు, మత్తు, లేదా రక్తంలో పొటాషియం ఎక్కువగా ఉందని రిపోర్టు వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకూడదు.

నాన్నగారికి మూత్రం ఇంకా వస్తోందా? చాలామంది అడగరు గానీ నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇది. కెనడా, అమెరికాల్లో పీడీ పేషెంట్ల మీద చేసిన కానుసా అధ్యయనం లెక్కల్ని 2001లో మళ్లీ పరిశీలిస్తే, రోజుకి ప్రతి 250 మిల్లీలీటర్ల మూత్రం ఎక్కువ వచ్చేకొద్దీ చనిపోయే ప్రమాదం 36 శాతం తక్కువగా తేలింది. కిడ్నీల్లో మిగిలిన ఆ కాస్త శక్తి మెషిన్ మీద కన్నా పీడీలో ఎక్కువ కాలం నిలుస్తుందని చాలా అధ్యయనాల్లో కనిపించింది. అందుకే మోకాళ్ల నొప్పులని మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కొని వేసుకోనివ్వకండి. మీ ఉద్దానం ప్రాంతంలో ఈ కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇంకా పూర్తిగా తేలలేదు, కానీ ఆ మాత్రలు కిడ్నీలకి చేటన్నది తేలిన విషయం.

ఇక ఇన్ఫెక్షన్. ఆ భయం ఉండాలి, అయితే అది జాగ్రత్త నేర్పాలి గానీ వెనక్కి లాగకూడదు. మామూలుగా రోజుకి నాలుగు సార్లు రెండేసి లీటర్ల ద్రవం పొట్టలోకి ఎక్కించి, కొన్ని గంటలు ఉంచి తీసేస్తారు. ఒక్కో మార్పిడికి అరగంట పడుతుంది. మా ఇంట్లో ఆ అరగంటా ఫ్యాను ఆపేవాళ్లం, తలుపు గడియ పెట్టేవాళ్లం, మనవలు ఏడ్చినా తీసేది లేదు. మా మరదలు మాస్కు కట్టుకుని, గాజులు తీసి, చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, తడి ఆరాకే ట్యూబు మూత ముట్టుకునేది. పాత మూత మళ్లీ పెట్టడమనే మాటే లేదు. బయటికి వచ్చిన బ్యాగుని పేపరు మీద పెట్టి చూసేది. కింద అక్షరాలు చదవగలిగితే సరే. మసకగా ఉంటే, జ్వరం లేకపోయినా నొప్పి లేకపోయినా, ఆ బ్యాగు పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. అమ్మకి ఒకసారి అలా వచ్చింది. ఆ పూటే తీసుకెళ్లడంతో ద్రవంలోనే యాంటీబయాటిక్ కలిపి ఎక్కించారు, తగ్గిపోయింది. పొద్దున చూద్దాంలే అనుకుంటే క్యాథెటరే (పొట్టలో అమర్చిన ట్యూబు) తీసేయాల్సి రావచ్చు.

తిండి విషయంలో మనవాళ్లకి పథ్యం అనగానే గుడ్డు, పప్పు మానిపించడం అలవాటు. పీడీలో రోజూ ద్రవంతో పాటు కొంత ప్రోటీన్ పోతుంది, కాబట్టి మొదలుపెట్టాక గుడ్డు తెల్లసొన, చేప లాంటివి పెంచమనే చెబుతారు. కొబ్బరినీళ్లు మాత్రం పొటాషియం రిపోర్టు చూడకుండా ఇవ్వకండి. షుగర్ కూడా ఉంటే, ద్రవంలో గ్లూకోజు ఉంటుంది కాబట్టి మందులు మార్చాల్సి రావచ్చు. గ్లూకోజుకి బదులు ఐకోడెక్స్‌ట్రిన్ అనే పదార్థం ఉన్న బ్యాగు వాడితే కొన్ని గ్లూకోమీటర్లు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి, ఏ మీటరు వాడాలో ముందే అడగండి.

బ్యాగులు నెలకి 120 దాకా వస్తాయి. ఎలకలు, చెమ్మ లేని గది చూసుకోండి. ఇంతకుముందు పొట్ట ఆపరేషన్ ఏదైనా అయ్యుంటే, గిలక (హెర్నియా) ఉంటే డాక్టరుకి ఇప్పుడే చెప్పండి. క్యాథెటర్ వేయించే ముందు ఇంకో రెండు సంగతులు తేల్చుకోండి: రాత్రిపూట బ్యాగు మసకగా వస్తే ఫోను ఎత్తేది ఎవరు, మీకు దగ్గర్లో ఆ ద్రవాన్ని పరీక్ష చేసే ల్యాబ్ ఎక్కడుంది.