వారధి మాట కాసేపు పక్కన పెట్టు

చిరంజీవికి,

సర్వేపల్లి రాధాకృష్ణన్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. 'తూర్పు పడమరలకు వారధి' అన్న మాట అందులో అయిదు చోట్ల తగిలింది. ఆ వారధి మీద ఎవరు నడిచారో, ఏ మూట మోసుకెళ్లారో మాత్రం ఎక్కడా లేదు. సన్మానపత్రానికైతే సరిపోతుంది.

ఆయన కలం పట్టడానికి కారణం సమన్వయం కాదు, రోషం. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివే రోజుల్లో వేదాంతంలో నీతికి చోటు లేదన్న మిషనరీల విమర్శ ఆయన్ను గుచ్చింది. లోకమే మాయ అయితే మంచిచెడులు దేనికి? జవాబుగా 1908లో, ఎం.ఏ. కోసం, వేదాంత నీతి మీదే సిద్ధాంత వ్యాసం రాశారు. నువ్వు 1936 నాటి ఆక్స్‌ఫర్డ్ ఆచార్య పదవితో మొదలుపెట్టావు. దెబ్బ తగిలిన చోటు వదిలి దండ పడిన చోటుకు పరుగెత్తావు.

ఇక 'మాయ అంటే ఇల్యూజన్' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. తగవంతా అక్కడే కదా! తాడును చూసి పామనుకోవడం శంకరులు చెప్పిన పోలికే, కాదనను. కానీ 'వైధర్మ్యాచ్చ న స్వప్నాదివత్' అన్న బ్రహ్మసూత్రానికి భాష్యం రాస్తూ, మెలకువలో చూసేది కలలాంటిది కాదని విజ్ఞానవాదులతో, అంటే బయటి వస్తువులన్నీ మనసులోని తలపులేననే బౌద్ధులతో, పోట్లాడిందీ ఆయనే. కల మెలకువ రాగానే చెరిగిపోతుంది, మెలకువలో చూసిన స్తంభం అలా చెరిగేది కాదు. రాధాకృష్ణన్ పట్టుకున్న కొస ఇదే: లోకం ఒట్టి భ్రమ కాదు, బ్రహ్మం మీద ఆధారపడి నిలిచింది. ఈ వ్యాఖ్యానంలో శంకరులెంత, రాధాకృష్ణన్ చదువుకున్న ఐరోపా భావవాదమెంత (లోకానికి మూలం పదార్థం కాదు, చైతన్యమే అనే తత్వం)? నా మటుకు రెండోది కాస్త ఎక్కువే పడిందనిపిస్తుంది. నువ్వు ఒప్పుకోనక్కరలేదు, తూచి చూడు.

బెంగాలీ తత్వవేత్త కృష్ణచంద్ర భట్టాచార్య 'స్వరాజ్ ఇన్ ఐడియాస్' (భావాల్లో స్వరాజ్యం) కూడా చదువు, చిన్న ప్రసంగమే. పరాయి భావాలను పోల్చి తూచకుండా తెచ్చి అతికించుకోవడం మీద ఆయన కోపం. మన భావాలతో మనం ఆలోచించాలన్నారు. ఆ మాట ఇంగ్లీషులో చెప్పారు, అది వేరే సంగతి.

ఇల్యూజన్, భ్రమ అన్న మాటలు రెండూ రాకుండా మాయ మీద ఒక పేరా రాసి పంపు. కరెంటు పోయినప్పుడల్లా 'మాయదారి కరెంటు' అని తిట్టే ముసలమ్మ మా పక్కింట్లోనే ఉంది. ముందు ఆవిడకు చదివి వినిపిస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు