లాక్స్‌టన్‌లో గట్లు లేవు

"ఇంగ్లండ్‌లో ఒక చిన్న పల్లె పారిష్ (ఒక చర్చి కింది ఊరు, దాని పొలాలు) చరిత్ర, భౌగోళికం కళ్ళారా చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి?" అని అడిగారు. అందరూ టూరిస్టులు ఎగబడే కాట్స్‌వోల్డ్స్ కొండల పల్లెల పేరే చెబుతారు. నేను రెండుసార్లు వెళ్ళాను. తేనెరంగు రాతి ఇళ్ళు బాగుంటాయి, కాదనను. కానీ కారు పెట్టుకునే చోటు కోసం గంట తిరిగాం, పొలం పని చేసే మనిషి మాత్రం ఒక్కరూ కనపడలేదు. అది పల్లె చూసినట్టెలా అవుతుంది?

లాక్స్‌టన్ వెళ్ళండి. నాటింగ్‌హామ్‌షైర్‌లో, ఆలర్టన్‌కి తూర్పున, షేర్‌వుడ్ ఇసుక నేలలు దాటాక ఎర్ర బంకమట్టి మీద ఉంటుంది. నార్మన్ల నాటి కోట దిబ్బ, సెయింట్ మైకేల్ చర్చి ఉన్నాయి, అవీ చూడండి. అయితే ఏ ఊరి చరిత్రయినా పొలం పంపకాల్లోనే దొరుకుతుందని నా గట్టి నమ్మకం. అందుకే ముందు పొలాలకి వెళ్ళమంటాను.

నాన్న విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు నవంబర్ చివర్లో తీసుకెళ్ళాను. వెస్ట్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్ అని మూడు పెద్ద చేలు. ఒక్కో చేను పొడవాటి చెక్కలుగా ఉంటుంది, ఒక్కో రైతు చెక్కలు మూడు చేలల్లోనూ అక్కడక్కడా ఉంటాయి. మంచి నేల, చెడ్డ నేల అందరికీ వాటాకొస్తాయి. ఒక చేలో గోధుమ, ఒక చేలో వసంతంలో వేసే పంట, మూడోది బీడు. ఏటా మారుతుంది.

నాన్న చాలాసేపు చూసి, "ఏమ్మా, వీళ్ళకి గట్లు లేవేంటి?" అన్నాడు.

నిజమే, గట్టూ లేదు, కంచే లేదు. పక్కాయన గట్టు చెక్కి జరుపుకున్నాడని మా నాన్న పదకొండేళ్ళు కోర్టు చుట్టూ తిరిగాడు. వాయిదా అంటే ఇంట్లో అందరికీ టెన్షన్. ఆ ఖర్చులతో ఇంకో అరెకరం కొనుక్కునేవాళ్ళం. అలాంటి మనిషికి గట్టే లేని పొలం ఎలా కనిపించి ఉంటుందో ఊహించండి.

మేం వెళ్ళింది జ్యూరీ రోజున. ఊరి రైతులే జ్యూరీ. ట్రాక్టర్ ట్రైలర్ ఎక్కి, ఆ ఏడు గోధుమ చల్లిన చేనంతా తిరుగుతారు. ఎవరైనా దారి మీదికో, గడ్డి వదిలిన పల్లంలోకో ఒక చాలు ఎక్కువ దున్నారా అని చూస్తారు. హద్దు దగ్గర కర్ర గూటం పెట్టి సమ్మెటతో కొడతారు. తప్పులు రాసుకుంటారు. వారం తర్వాత డవ్‌కోట్ అనే పబ్‌లో కోర్ట్ లీట్ అనే పాతకాలపు ఊరి కోర్టు కూర్చుని జరిమానా వేస్తుంది. 1977లో చట్టం మారి ఇలాంటి పాత కోర్టుల అధికారాలు పోయినా, దీనికి మాత్రం మిగిలాయి. తీర్పుకి వారం! మన రెవెన్యూ వాళ్ళు, లాయర్లు వచ్చి నేర్చుకోవాల్సింది ఇక్కడే.

1635లో ఈ ఊరి ప్రతి చెక్కనీ కొలిచి మార్క్ పియర్స్ అనే సర్వేయర్ పటం గీశాడు. అది ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ లైబ్రరీలో ఉంది. పొలాల్లో మనుషులు, ఎడ్లు కూడా గీశాడు. తర్వాతి కాలంలో దేశమంతా పార్లమెంటు చట్టాలతో ఇలాంటి ఉమ్మడి పద్ధతిని తీసేసి కంచెలు వేసుకున్నారు. ఇక్కడ అది మిగిలింది. ఈ రైతులు కౌలుదారులే. ఈ ఊరి పొలాల ఎస్టేట్‌ని 1952లో ప్రభుత్వం కొంది, 1981లో రాచరికపు ఆస్తులు చూసే క్రౌన్ ఎస్టేట్‌కి వెళ్ళింది, 2020లో దగ్గర్లోని థోర్స్‌బీ ఎస్టేట్ తీసుకుంది. యజమానులు మారినా చెక్కలు మాత్రం సాగులోనే ఉన్నాయి.

మామూలు షూతో వెళ్ళకండి, ఆ బంకమట్టి అరికాలికి పట్టుకుంటే వదలదు. నాన్న షూ పాడైపోయాయి. ఆయనకా ధ్యాసే లేదు. ట్రైలర్ ముందుకెళ్ళాక వెనక్కి వచ్చి, అప్పుడే దిగ్గొట్టిన గూటాన్ని రెండు చేతులతో పట్టుకుని కదిపి చూశాడు. కదల్లేదు. "గట్టిగానే కొట్టారు" అన్నాడు.