అడగండి మాస్టార్ని: చెక్క ఓడల మోడళ్లు

ప్రశ్న: మాస్టారూ, 1:64 స్కేల్లో, అంటే అసలు ఓడలో 64వ వంతు సైజులో, ఒంటి తెరచాప కొయ్య ఉన్న కట్టర్ ఓడ చేస్తున్నాను. నడుం దగ్గర పలకలు చక్కగా కూర్చుంటున్నాయి. ముక్కు దగ్గరికి వచ్చేసరికి ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తున్నాయి. క్లిప్పులు పెట్టి అంటిస్తే తెల్లారేసరికి లేచిపోతున్నాయి. జిగురు మార్చాలా?
- ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: జిగురు మార్చక్కర్లేదు బాబూ, ఫెవికాల్ తప్పేం లేదు. మీ పలకలు ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకే వెడల్పులో ఉన్నాయి, అదీ గొడవ. కుండకి చాప చుట్టి చూడండి, ఎక్కడో ఒకచోట మడత పడి తీరుతుంది. ఓడ ఒళ్లు కూడా అంతే.

ఒక సన్నటి కాగితం పట్టీ తీసుకోండి. నడుం దగ్గరున్న బల్క్‌హెడ్ (ఓడకి ఆకారమిచ్చే అడ్డపలక) అంచు వెంట డెక్ నుంచి కీల్ (అడుగున పొడవునా ఉండే వెన్ను దూలం) దాకా కాగితాన్ని ఆనించి కొలవండి. 100 మి.మీ. వచ్చిందనుకుందాం. పలక 5 మి.మీ. అయితే 20 పలకలు పడతాయి. ఇప్పుడు ముక్కు దగ్గర కొలవండి. 60 వచ్చిందా? ఆ 20 పలకలూ ఈ 60లోనే సర్దుకోవాలి కాబట్టి అక్కడ ఒక్కో పలక 3 మి.మీ. ఉండాలి. అంటే అంటించకముందే బ్లేడుతో చెక్కి సన్నం చేసుకోవాలి. ప్రతి బల్క్‌హెడ్ దగ్గరా ఇదే లెక్క వేసి, పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకోండి. ఒక పూట పోతుంది, పోనివ్వండి.

లెక్కలో సగం కంటే తక్కువ వస్తే, అంటే 5 మి.మీ. పలక 2.5 కన్నా సన్నబడాల్సి వస్తే, అంత సన్నగా చెక్కొద్దు, మొన విరుగుతుంది. రెండు పలకల్ని ముక్కుకి కాస్త ముందే ఆపి, వాటి ముందు ఒకే పలక పెట్టండి. వెనక భాగంలో కథ తిరగబడుతుంది. అక్కడ చోటు ఎక్కువై సందులు పడతాయి, వాటిలో త్రికోణపు ముక్కలు దూర్చాలి. పెద్ద ఓడల వడ్రంగులు చేసిందీ ఇదే.

ఇంకో మాట. పలక బల్లపరుపుగా ఉన్న వైపుకి వంగుతుంది కానీ అంచు వైపుకి వంగదు. బలవంతం చేస్తే మీరు చెప్పినట్టే తెల్లారేసరికి లేస్తుంది. వేడినీళ్లలో నానబెట్టి, వంపు తిప్పి, పూర్తిగా ఆరాకే అంటించండి. ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి, అలా మార్చి మార్చి వేయాలి. ఒకే పక్క నాలుగైదు వేసేస్తే కీల్ మెలిక తిరుగుతుంది, ఆ తర్వాత దేవుడు కూడా సరిచేయలేడు.

ప్రశ్న: ముక్కలన్నీ కోసి పెట్టెలో ఇచ్చే కిట్ కొనే స్తోమత లేదండి. మాకు ఏటికొప్పాక దగ్గరే. టేకు ముక్కలు కూడా చవగ్గా దొరుకుతున్నాయి. అసలు ఓడలు టేకుతోనే కట్టేవారట కదా, వాడొచ్చా?
- ఒక పాఠకుడు, పాయకరావుపేట

జవాబు: కట్టేవారు. 1817లో బొంబాయి డాక్‌యార్డులో ఓడలు కట్టే వాడియా కుటుంబం వాళ్లు మలబారు టేకుతో కట్టిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో ఇవాళ్టికీ నీళ్ల మీద తేలుతోంది. కానీ మోడల్‌కి టేకు పనికిరాదు. దాని ఈనె (చెక్కలో కనబడే చారలు) ముతక. టేకులో 0.2 మి.మీ. రంధ్రాలు మామూలే, 1:72 స్కేల్లో చూస్తే అది 14 మి.మీ. గుంట. వేలు దూరేంత గుంటలున్న ఓడని ఎవరు నమ్ముతారు?

ఏటికొప్పాక బొమ్మలు చేసే బంగారం లాంటి అంకుడు కర్ర పక్కన పెట్టుకుని టేకు అడుగుతున్నారు మీరు! తెల్లగా, ఈనె కనబడనంత నున్నగా ఉంటుంది, లేతు మీద అద్భుతంగా తిరుగుతుంది. తెరచాప కొయ్యలు, పీపాలు, తాళ్లు బిగించే గుండ్రటి బిళ్లలు అన్నీ దాంతోనే చేసుకోండి. బాగా ఆరిన కర్ర అడిగి తీసుకోండి. కొండపల్లి బొమ్మల పొణికి కర్ర దొరికితే ముక్కు లోపల నింపే దిమ్మెలకి వాడండి, పైపలకలకి వద్దు, మరీ మెత్తన.

ప్రశ్న: మా నాన్నగారు వచ్చే నెల రిటైరవుతున్నారు. ఓడలంటే ఇష్టం, ఇంతవరకూ ఒక్కటీ చేయలేదు. బ్రిటిష్ నౌకాదళపతి నెల్సన్ ఓడ విక్టరీ కిట్ కొనిద్దామనుకుంటున్నాను.
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వద్దమ్మా. 104 ఫిరంగులు, మూడు తెరచాప కొయ్యలు, వాటికి లెక్కలేనన్ని తాళ్లు. 1:72లో చేస్తే ముందుకి పొడుచుకొచ్చే కొయ్యతో కలిపి దాదాపు 1.4 మీటర్ల పొడవు, అంత గాజు పెట్టె మీ హాల్లో ఎక్కడ పెడతారు? అసలు ఓడకే 1759లో కీల్ వేస్తే నీళ్లలోకి దిగేసరికి 1765 అయింది. బీరువాల మీద దుమ్ము పట్టిన విక్టరీ పెట్టెలు నేను చాలా చూశాను.

విక్టరీని డిజైన్ చేసిన థామస్ స్లేడ్‌దే షెర్బోర్న్ అని చిన్న కట్టర్ ఓడ ఉంది, 1763 నాటిది. ఒకటే తెరచాప కొయ్య. అది కొనివ్వండి. మిగిలిన డబ్బుతో భూతద్దం ఉన్న టేబుల్ లైటు, మంచి పట్టకారు, సన్నపళ్ల రంపం తీసుకోండి. ఆ వయసులో కళ్లకి ఆ లైటే ముఖ్యం.

ప్రశ్న: తాళ్ల మీద నూగు లేచి గొంగళిపురుగుల్లా కనబడుతున్నాయి. కొయ్య ఎక్కే తాళ్ల నిచ్చెన మెట్లు కూడా వంకర.
- ఒక పాఠకుడు, తణుకు

జవాబు: నూలు మానేసి పాలిస్టర్ దారం వాడండి, తేనెమైనం ముద్ద మీదుగా రెండుసార్లు లాగండి. కొయ్యల్ని నిలబెట్టే తాళ్లకి తారు పూసేవారు కాబట్టి అవి ముదురు రంగు, తెరచాపల్ని లాగే తాళ్లు లేత రంగు. మెట్లు అసలు ఓడలో సుమారు 15 అంగుళాల ఎడంలో ఉండేవి, 1:64లో అది 6 మి.మీ. అట్టముక్క మీద 6 మి.మీ. గీతలు గీసి తాళ్ల వెనక పెట్టుకుని ముళ్లు వేయండి. గట్టిగా బిగించారంటే పక్క తాళ్లు లోపలికి గుంజుకుపోతాయి.