కమిషనింగ్ రిపోర్టు మీద అసోసియేషన్ సంతకం పెట్టవచ్చా?

ప్రశ్న: బెంగళూరు వైట్‌ఫీల్డ్ దగ్గర రెండు బ్లాకులు, 164 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ మాది. 38 కుటుంబాలు దిగాం. ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే కాపురం ఉండవచ్చన్న ధ్రువపత్రం) ఇంకా రాలేదు. కరెంటు నిర్మాణ సమయంలో తీసుకున్న తాత్కాలిక కనెక్షన్ మీద, అది చాలనప్పుడు జనరేటర్ మీద నడుస్తోంది. లిఫ్టులు, జనరేటర్, ఫైర్ పంపులు, ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) అన్నీ కమిషన్ అయ్యాయని, అంటే పరీక్షించి వాడకానికి సిద్ధం చేశామని బిల్డర్ ఒక రిపోర్టు ఇచ్చి, ఒకటో తారీకు నుంచి మెయింటెనెన్స్ మీదేనంటున్నాడు. మా తాత్కాలిక కమిటీలో ఐదుగురం దాని మీద సంతకాలు పెట్టాలట. పెట్టవచ్చా? పెట్టకపోతే లిఫ్టులు, నీళ్లు ఆపేస్తామంటే ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఇప్పుడు పెట్టకండి. అసలు మీ ఐదుగురి సంతకం 164 మంది ఓనర్లను కట్టిపడేయలేదు. వాట్సాప్ గ్రూపులో చేతులెత్తి ఎన్నుకున్న కమిటీకి చట్టం దృష్టిలో ఉనికి లేదు. కర్ణాటక అపార్ట్‌మెంట్ ఓనర్‌షిప్ చట్టం, 1972 కింద డీడ్ ఆఫ్ డిక్లరేషన్ (అపార్ట్‌మెంటును ఈ చట్టం కిందికి తెచ్చే ప్రకటన పత్రం), అసోసియేషన్ బైలాలు (నియమావళి) రిజిస్టరై అసోసియేషన్ ఏర్పడాలి. దాన్ని ఏర్పాటు చేయించే బాధ్యత రెరా చట్టం (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం) సెక్షన్ 11(4)(ఇ) బిల్డర్ మీదే పెట్టింది. అలాగని మీ సంతకానికి విలువ లేదనుకోవద్దు. రేపు రెరా అథారిటీ ముందు ‘వాళ్లే పరీక్షించి తీసుకున్నారు’ అని బిల్డర్ మొదట చూపించేది ఆ కాగితాన్నే.

ఇక రిపోర్టు సంగతి. అందులో ఏం రాశారన్నదానికంటే ముందు తేదీలు చూడండి. పరీక్ష జరిగిన రోజు, శాశ్వత కరెంటు వచ్చిన రోజు, జనం దిగిన రోజు పక్కపక్కన రాసుకుంటే సగం విషయం అక్కడే తేలిపోతుంది. మీకు శాశ్వత కరెంటే రాలేదు. ఓసీ చూపిస్తేనే కరెంటు, నీరు, డ్రైనేజీ కనెక్షన్లు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబర్ 17న ఆదేశించింది. కాబట్టి బెస్కాం (బెంగళూరు విద్యుత్ పంపిణీ సంస్థ) సరఫరా పోయినప్పుడు జనరేటర్ దానంతటదే అందుకుంటుందా, ఫైర్ పంపు, లిఫ్టు, మెట్లదారిలోకి పొగ రాకుండా చూసే ఫ్యాన్లు ఒకేసారి ఆన్ అయితే ప్యానెల్ తట్టుకుంటుందా అన్నది అసలు ఏర్పాటు మీద ఇంతవరకూ ఎవరూ చూసి ఉండరు. యంత్రాలను విడివిడిగా తిప్పి చూడటం వేరు, అన్నిటినీ కలిపి పరీక్షించడం వేరు. మీ రిపోర్టులో ఉన్నది బహుశా మొదటిదే.

ఎస్‌టీపీ విషయంలో మోసపోవడం ఇంకా తేలిక. మనిషికి రోజుకు 135 లీటర్లు, ఫ్లాటుకు ఐదుగురు, అందులో 85 శాతం మురుగు అని డిజైన్ వేస్తే 164 ఫ్లాట్లకు దాదాపు 94 వేల లీటర్లు. 38 కుటుంబాల నుంచి, ఇంటికి ఐదుగురున్నారనుకున్నా, 22 వేల లీటర్లకు మించదు. ప్లాంటులో మురుగును తినే బాక్టీరియాకు తిండి చాలక అది నిలదొక్కుకోదు. వేరేచోట నుంచి ట్యాంకరుతో బురద తెచ్చి పోసి, నాలుగు రోజులు నడిపి, ల్యాబ్ రిపోర్టు తీసుకోవడం ఎవరికైనా సాధ్యమే. ఆ రిపోర్టులో బీఓడీ (నీటిలో మిగిలిన సేంద్రియ మురికికి కొలమానం) లీటరుకు 10 మిల్లీగ్రాములలోపే ఉండవచ్చు. పూర్తి మురుగు వచ్చిన రోజు కూడా అలాగే ఉంటుందని దానివల్ల తేలదు. కాబట్టి కనీసం 60 శాతం ఫ్లాట్లు నిండాక బిల్డర్ ఖర్చుతో రెండోసారి పరీక్ష చేయాలని ఒప్పందంలో రాయించండి. ఆ 60 అన్న అంకె చట్టంలో లేదు, నా సలహా మాత్రమే. కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే ‘కన్సెంట్ ఫర్ ఆపరేషన్’ కాపీ కూడా అడగండి. నిర్మాణానికి ముందు ఇచ్చే కన్సెంట్‌ను చూపించి ఇదే అది అంటారు, పేరు చదివి మరీ తీసుకోండి.

ఫైర్ సిస్టమ్ పరీక్షకు మీ ఇంజనీరును వెంట తీసుకెళ్లండి. పై అంతస్తు హైడ్రెంట్ (మంటలార్పే నీటి కుళాయి) తెరిస్తే నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం కనీసం 3.5 బార్ ఒత్తిడి రావాలి. లైన్లో ఒత్తిడి పడిపోగానే ముందు జాకీ పంపు (లైన్లో ఒత్తిడి నిలబెట్టే చిన్న పంపు), తర్వాత మెయిన్ పంపు వాటంతటవే లేవాలి. కరెంటు తీసేస్తే డీజిల్ పంపు లేవాలి. ఇక్కడ ఎక్కువగా కనిపించే లోపాలు రెండు: ప్యానెల్ ‘మాన్యువల్’లో వదిలేయడం, డీజిల్ పంపు బ్యాటరీ చచ్చిపోవడం. రెండూ కాగితం మీద కనబడవు. లిఫ్టులకైతే ఒక్కో లిఫ్టుకూ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ ఇచ్చిన లైసెన్సు విడిగా ఉండాలి. ‘అప్లై చేశాం’ అన్న రసీదు లైసెన్సు కాదు.

చాలామంది చూడని ప్రమాదం వారంటీలో ఉంది. పంపులు, జనరేటర్లు, లిఫ్టుల వారంటీ సాధారణంగా ‘కమిషనింగ్ నుంచి 12 నెలలు లేదా సరఫరా నుంచి 18 నెలలు, ఏది ముందైతే అది’ అని ఉంటుంది. మీ చేతికి వచ్చేసరికే అది అయిపోయి ఉండవచ్చు. అందుకే ప్రతి యంత్రానికీ ఇన్‌వాయిస్, వారంటీ కార్డు, సీరియల్ నంబర్ తీసుకోండి. అయితే కంపెనీ వారంటీ ముగిసినా బిల్డర్ బాధ్యత ముగియదు. రెరా 14(3) ప్రకారం నిర్మాణంలో, పనితనంలో, సేవల్లో లోపాలను ఫ్లాటు అప్పగించిన నాటి నుంచి ఐదేళ్ల లోపు చూపిస్తే, అతను 30 రోజుల్లో డబ్బు తీసుకోకుండా బాగుచేయాలి. ఓసీ లేని అప్పగింతను అప్పగింతగా లెక్కించకూడదని మీ తరఫున వాదించవచ్చు. కానీ గడువు లెక్క మాత్రం తాళాలు తీసుకున్న రోజు నుంచే వేసుకుని ఫిర్యాదులు రాయండి.

చట్టం పెట్టిన వరస కూడా బిల్డర్ చెబుతున్నదానికి తలకిందులు. పని పూర్తయ్యాక తనిఖీ, ఫైర్ క్లియరెన్స్, ఓసీ ముందు. ఫ్లాటు అప్పగింత ఆ తర్వాత. కంప్లీషన్ సర్టిఫికెట్ (పని పూర్తయిందన్న ధ్రువపత్రం) వచ్చిన 30 రోజుల్లో ప్లాన్లు, పత్రాలు అసోసియేషన్‌కు ఇవ్వాలని రెరా సెక్షన్ 17(2) చెబుతోంది. ఓసీ తేవడం బిల్డర్ పని అని 11(4)(బి) చెబుతోంది. తేకపోవడం రోజురోజుకీ కొనసాగే తప్పు, సేవాలోపం కూడా అని సుప్రీంకోర్టు 2022 జనవరిలో తేల్చింది. మన తెలుగువాళ్లు ఒక పొరపాటు చేస్తుంటారు: కన్నడంలో ‘స్వాధీన పత్ర’ అంటే పొసెషన్ లెటర్, ‘స్వాధీనానుభవ పత్ర’ అంటే ఓసీ. మొదటిది బిల్డర్ ఇస్తాడు, రెండోది కార్పొరేషన్ ఇస్తుంది. వైట్‌ఫీల్డ్ ఇప్పుడు బెంగళూరు తూర్పు కార్పొరేషన్ పరిధి, ఓసీ దరఖాస్తు ఏ దశలో ఉందో అక్కడే విచారించండి. ఓసీ లేకుండా కాపురం ఉండటం మీకూ మంచిది కాదు, బిల్డింగ్ బైలాలు (నిర్మాణ నిబంధనలు) దాన్ని ఒప్పుకోవు. ఇది కటువుగా ఉన్నా చెప్పాలి.

సేవలు ఆపేస్తామన్న బెదిరింపుకు జవాబు రెరా 11(4)(డి)లో ఉంది. అసోసియేషన్ మెయింటెనెన్స్ చేపట్టేదాకా అత్యవసర సేవలను న్యాయమైన ఛార్జీతో బిల్డరే నడపాలి. ‘న్యాయమైన ఛార్జీ’ అన్నారు కాబట్టి పూర్తిగా ఎగ్గొట్టకండి. కడుతూ నెలనెలా లెక్కలు, కార్పస్ (ఓనర్ల నుంచి వసూలు చేసిన మూలనిధి) ఖాతా స్టేట్‌మెంటు అడగండి. నిజంగానే లిఫ్టు ఆపితే ఫోటో, తేదీ, టైముతో ఈమెయిల్ పెట్టి, కర్ణాటక రెరాలో సెక్షన్ 31 కింద ఫిర్యాదుతో పాటు మధ్యంతర ఉత్తర్వు కూడా కోరండి. అసోసియేషన్ రిజిస్టర్ కాకపోయినా ఓనర్లు ఎవరికి వారు వేయవచ్చు. నష్టపరిహారం కావాలంటే దానికి వేరుగా రెరాలో పరిహారం తేల్చే అడ్జుడికేటింగ్ ఆఫీసర్ ముందు దరఖాస్తు చేయాలి. రెండూ ఒకే దాంట్లో కలిపేసి నెలలు పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు.

బిల్డర్‌కు ఇప్పుడు ఇవ్వాల్సింది ఒక చిన్న ఉత్తరం. రసీదు వచ్చే పద్ధతిలోనూ, ఈమెయిల్లోనూ పంపండి. ఇలా రాయవచ్చు: ‘మీరు ఇచ్చిన కమిషనింగ్ రిపోర్టు పరిశీలన కోసం మాత్రమే అందింది. ఇది నిర్వహణ బాధ్యత స్వీకరణ కాదు. ఓసీ, శాశ్వత విద్యుత్, లిఫ్టు లైసెన్సులు, ఫైర్ క్లియరెన్స్, ఎస్‌టీపీ ఆపరేషన్ కన్సెంట్ వచ్చాక మా ఇంజనీరు సమక్షంలో అన్ని యంత్రాలను కలిపి పరీక్షించాలి. అసోసియేషన్ రిజిస్టరయ్యాక, లోపాల జాబితా జతచేసి స్వీకరణపై మాట్లాడదాం.’ ఓనర్లుగా ఎవరి పేరు మీద వారు సంతకం చేయండి, ‘కమిటీ తరఫున’ అని మాత్రం రాయకండి.